లినక్సునకు సంఖ్యలు కుదిరిన కథ

నేను పనిచేయు చోట ఒక పాత బీరువా ఉన్నది. అందులో ప్రసంగపాఠముల ప్రతులు కట్టలుగా కట్టి పెట్టినారు. ఒక ప్రసంగమునకు మూడు కట్టలు కనబడినవి. మొదటిదానిపై ‘తుది ప్రతి’ అని, రెండవదానిపై ‘సవరించిన తుది ప్రతి’ అని, మూడవదానిపై ‘అసలైన తుది ప్రతి’ అని వ్రాసియున్నది. వ్రాసినవారెవరును అబద్ధమాడలేదు, వ్రాసిన నాడు ప్రతి మాటయు నిజమే. కాని కొన్ని ఏండ్ల తరువాత బీరువా తెరచి నిలుచున్న నాకు మాత్రము ఏది చదువవలెనో తెలియలేదు.

పుస్తకములు అచ్చువేయువారు ఈ చిక్కును ఏనాడో గ్రహించి, ప్రథమ ముద్రణము, ద్వితీయ ముద్రణము, పరిష్కృత ముద్రణము అని ముఖపత్రము వెనుక వేయుట అలవాటు చేసికొన్నారు. ఆ ఒక్క పంక్తివలన ఎక్కడనో ఉన్న పాఠకునికి తన చేతిలోనిది ఏదో తెలియును. అయితే పుస్తకమునకు ప్రచురణకర్త అనువాడొకడుండును. సంఖ్య నిర్ణయించువాడు అతడే. గ్రంథకర్తలు వేలకొలది ఉండి, ప్రచురణకర్త లేక, గ్రంథము వారమువారమును మారుచుండినచో దానికి సంఖ్య పెట్టువారెవరు? పెట్టిన సంఖ్యకు అర్థమేమి? కంప్యూటరు ప్రోగ్రాములను సమష్టిగా, స్వచ్ఛందముగా వ్రాయువారికి ముప్పది ఏండ్లకు పైగా ఇది ఎదురగుచున్న ప్రశ్న. వారిలో పెద్ద సమూహమైన లినక్సువారు ఈ ప్రశ్నకు ఒకదాని తరువాత ఒకటిగా పెక్కు సమాధానములు చెప్పి, చెప్పినవానిని తామే కొట్టివేసినారు. ఆ వరుసను నేడు మనవి చేయదలచినాను.

లినక్సు అనునది కంప్యూటరు యంత్రమునకును, దానిపై నడచు ప్రోగ్రాములకును నడుమ నిలిచి, ఎవరికి ఎంత జ్ఞాపకస్థలము ఈయవలెను, ఏ పని ముందు జరుగవలెను అని పాలించు మూలప్రోగ్రాము. దీనిని కెర్నెలు అందురు. మన యింట ఆండ్రాయిడు ఫోను ఉన్నచో దాని లోపల పనిచేయుచున్నది ఈ కెర్నెలే. 2017 నవంబరులో వెలువడిన జాబితా ప్రకారము ప్రపంచములోని మొదటి 500 మహాకంప్యూటరులన్నియు దీనిపైననే నడచినవి.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దీనిని ప్రారంభించినాడు. సెప్టెంబరులో బయటపెట్టిన మొదటి ప్రతికి 0.01 అని సంఖ్య వేసినాడు. ముందున్న సున్నకు అర్థము అందరికిని తెలిసినదే: ఇది పూర్తికాలేదు, దీనిని నమ్ముకొని పని పెట్టుకొనవద్దు అని. 1992 జనవరి నాటికి 0.12 వచ్చినది. మార్చిలో వచ్చినది మాత్రము 0.95! నడుమ 0.13 లేదు, 0.50 లేదు. పని దాదాపు ముగిసినది, 1.0 గుమ్మములో నిలిచియున్నది అని అతనికి తోచి ఒక్క గంతు వేసినాడు. ఇల్లు కట్టించిన వారెవరైనను ఈ ఉత్సాహమును ఎరుగుదురు. గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టుకొన్న తరువాతనే తలుపులకు గడియలు లేవని తెలియును.

0.95 తరువాత 1.0 వచ్చుటకు రెండేండ్లు పట్టినది. ఈలోగా 0.96, 0.97, 0.98 ఖర్చయిపోయినవి. 1992 డిసెంబరులో 0.99 వచ్చుటతో దారి మూసికొనిపోయినది, ఎదుట 1.0 తప్ప మరి సంఖ్య లేదు, 1.0 అనుటకు ధైర్యము చాలదు. ఇక 0.99 ప్రక్కన అతుకుల సంఖ్య వేసి ఒకటి, రెండు అని 15 వరకు లెక్కించినారు. అదియును చాలక దాని ప్రక్కన ఇంగ్లీషు అక్షరములు తగిలించినారు. పాత పేటలలో 7వ నంబరు ఇంటికిని 8వ నంబరు ఇంటికిని నడుమ క్రొత్త ఇండ్లు లేచినప్పుడు 7-ఎ, 7-బి అని వ్రాయుదురు కదా, అట్లు. 1994 మార్చి 14వ తేదీన 1.0 వెలువడునప్పటికి గ్రంథము 1,76,250 పంక్తులకు పెరిగినది.

ఇంతవరకు జరిగినదానిలో ఎవరికిని పెద్ద నష్టము లేదు. దానిని వాడుకొనువారు హెచ్చుగా దానిని వ్రాయువారే. సంఖ్య ఏదైనను లోపలి సంగతి వారికి తెలియును. 1.0 తరువాత అట్లు కాదు. ఎవరో తెలియనివారు దానిని తమ కార్యాలయపు లెక్కలకు, తమ ఉత్తరములకు, తమ పరిశోధనలకు వాడుట మొదలుపెట్టినారు. సంఖ్య వారికి చెప్పిన మాటయైనది.

సంఖ్య విషయములో అపరిచితుడు ఎట్లు మోసపోగలడో చూపిన ఉదంతమొకటి ఆ రోజులలోనే జరిగినది; లినక్సు కెర్నెలును ఇతర ప్రోగ్రాములతో జతకూర్చి పంపిణీ చేయు డెబియను సమూహమునకు. ఇయన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన ఈ సమూహమువారు 1.0కు సన్నాహము చేసికొనుచున్నారు. సగము కట్టిన ఆ ప్రతి అందరికిని కనబడు చోటనే ఉన్నది. 1995 చివర ఒక డిస్కుల వ్యాపారసంస్థ దానిని తీసికొని, డిస్కులపై అచ్చొత్తి, ‘డెబియను 1.0’ అని పేరు పెట్టి అమ్మివేసినది. కొన్నవారికి అది సరిగా పనిచేయలేదు. సమూహమువారు ఏమి చేయగలరు? అసలైన 1.0 వెలువరించినచో ఏది అసలో, ఏది నకిలీయో తెలియక జనము తికమకపడుదురు. అందుచేత ఆ సంఖ్యను వదలివేసి 1996 జూనులో 1.1 అని విడుదల చేసినారు. డెబియను చరిత్రలో అధికారికమైన 1.0 లేదు; ఎవరో ఎంగిలి చేసిన సంఖ్య అది.

ఆ దెబ్బతో వారు మరొక జాగ్రత్త నేర్చుకొన్నారు. తయారగుచున్న ప్రతికి సంఖ్య పెట్టుట మాని, ‘టాయ్ స్టోరీ’ అను చలనచిత్రములోని బొమ్మల పేర్లు పెట్టసాగినారు. పని ముగిసి, బాగున్నదని తేలిన తరువాతనే సంఖ్య. ఎన్నటికిని స్థిరపడని ప్రయోగపు ప్రతికి మాత్రము ‘సిడ్’ అని శాశ్వతనామము. ఆ చిత్రములో సిడ్ అనువాడు బొమ్మలను విరుగగొట్టు పొరుగింటి పిల్లవాడు. పేరు పెట్టినవారి రసికతను మెచ్చవలసినదే.

ఇక కెర్నెలు సంగతికి వత్తము. 1.0 తరువాత వారు ఏర్పరచుకొన్నది సరి–బేసి పద్ధతి. సంఖ్యలో మూడు భాగములుండును. నడిమి అంకె సరిసంఖ్య అయినచో అది స్థిరమైన శ్రేణి. అందులో తప్పులు దిద్దవలసినదే గాని క్రొత్త కట్టడములు లేవదీయరాదు. నడిమి అంకె బేసి అయినచో అది ప్రయోగశాల. అక్కడ గోడలు పడగొట్టవచ్చును, పునాదులు మార్చవచ్చును. 1.1లో శ్రమించి 1995 మార్చిలో 1.2 ఇచ్చినారు, 1.3లో శ్రమించి 1996 జూనులో 2.0 ఇచ్చినారు.

నాకు ఈ పద్ధతిపై ఇప్పటికిని మమకారమున్నది. బేసి అంకె కనబడినచో ముట్టుకొనవద్దు అని పసిపిల్లవానికి సైతము చెప్పవచ్చును. వివరణపత్రము అక్కరలేదు, సంఖ్యలోనే హెచ్చరిక ఇమిడియున్నది. పైగా ప్రతి సరి శ్రేణికిని కాపలాదారుడొకడుండెను. 2.2 శ్రేణిని బ్రిటనులో అలన్ కాక్స్ కనిపెట్టుకొనియుండెను. 2.4 శ్రేణి 2001 నవంబరులో బ్రెజిలు దేశపు మార్సెలో టొసాట్టి చేతికి వచ్చినది. అప్పటికి అతనికి 18 ఏండ్లు. ప్రపంచములో ఎన్నెన్ని కార్యాలయములు ఆ బాలుని జాగ్రత్తపై ఆధారపడి నిద్రించినవో!

ఇంత చక్కని పద్ధతి ఎందుకు చెడినది? మొదటి కారణము కాలము. 2.0 తరువాత 2.2 కొరకు 1999 జనవరివరకు, అనగా రెండున్నర ఏండ్లు, వేచియుండవలసి వచ్చినది. 2.4 వచ్చినది 2001 జనవరిలో, 2.6 వచ్చినది 2003 డిసెంబరులో. క్రొత్త యంత్రములు బజారుకు వచ్చుట అంతకాలము ఆగదు కదా. వానిని నడుపు విద్య బేసి శ్రేణిలో ఉన్నది. జనము వాడుచున్నది సరి శ్రేణి. పంపిణీదారులు చూచి చూచి, బేసి శ్రేణిలోని భాగములను తామే కోసి తెచ్చి తమ సరి శ్రేణి ప్రతులకు అతికించుకొనసాగినారు. ఒకే 2.4 అను పేరు గల కెర్నెలు ఇద్దరు పంపిణీదారుల దగ్గర రెండు విధములుగా ఉండెడిది. సంఖ్య ఒకటి, సరుకు వేరు.

సరి శ్రేణివారు తమ మాట తామే తప్పిన సందర్భములును లేకపోలేదు. 2001 సెప్టెంబరులో వచ్చిన 2.4.10లో జ్ఞాపకస్థలమును పాలించు భాగమును పూర్తిగా తీసివేసి మరొకటి పెట్టినారు. స్థిరమని చెప్పిన ఇంటిలో, కాపురమున్నవారు ఉండగనే, దూలము మార్చుట వంటిది ఇది. తరువాతి 2.4.11 వెలువడిన వెంటనే దోషము కనబడి, ఆ దస్త్రము పేరు ప్రక్కననే ‘వాడవద్దు’ అను మాట చేర్చినారు. సరి అంకె మాత్రము చెక్కుచెదరక అట్లే నిలిచియున్నది.

కాని నా దృష్టిలో అసలు కారణము ఇంకొకటి. బేసి అంకె చేసిన హెచ్చరిక ఎంత బాగుగా పనిచేసినదనగా, ఆ ప్రతులను ఎవరును ముట్టుకొనలేదు. ముట్టుకొననిచో వానిలోని దోషములు బయటపడునది ఎట్లు? వ్రాసిన కొద్దిమంది తమ తమ యంత్రములపై నడిపి చూచుకొన్నారు. తీరా సరి సంఖ్య వేసి పంపగనే లక్షలమంది రకరకముల యంత్రములపై నడుపుటయు, అంతవరకు దాగియున్న దోషములన్నియు ఒక్కమారుగా పైకి లేచుటయు జరిగెడిది. స్థిరమైనది అని చెప్పిన దినముననే అది మిక్కిలి అస్థిరముగా ఉండెడిది.

2004 జూలైలో కెనడా రాజధాని ఆటవాలో ముఖ్య రచయితలు సమావేశమై, బేసి శ్రేణి ఇక తెరువనక్కరలేదని నిశ్చయించినారు. 2.7 అను సంఖ్య ఎన్నడును పుట్టలేదు. క్రొత్త పనియంతయు 2.6లోనే, చిన్న చిన్న మోతాదులలో, రెండు మూడు మాసముల కొక విడుదలగా జరుగునట్లు ఏర్పాటైనది. వ్రాయువారికి ఇది హాయి. వాడుకొనువారి మాటయేమి? రెండు మాసముల కొకమారు క్రొత్త సరుకు కలిసిన ప్రతి వచ్చుచుండినచో, ఒక చిన్న దోషమునకు దిద్దుబాటు కావలసినవాడు దానితోపాటు వేయి క్రొత్త మార్పులను మ్రింగవలెనా?

ఆ చిక్కు మరుసటి నెలలోనే తలయెత్తినది. 2004 ఆగస్టులో 2.6.8 వెలువడినది; నెట్‌వర్కుమీదుగా దస్త్రములు పంచుకొను భాగములో పెద్ద దోషము ఆ వెంటనే కనబడినది. 2.6.9 వరకు ఆగుటకు వీలులేదు. మూడంకెల సంఖ్యకు నాలుగవ అంకె చేర్చి 2.6.8.1 అని పంపినారు. అది అప్పటి అవసరమునకు వేసిన మేకు మాత్రమే, పద్ధతి కాదు.

2005 మార్చిలో టోర్వాల్డ్స్ ఒక ప్రతిపాదన తెచ్చినాడు: సరి–బేసి నియమమును మూడవ అంకెకు వర్తింపజేయుదము, సరి వచ్చినప్పుడు దిద్దుబాట్లు మాత్రమే, బేసి వచ్చినప్పుడు క్రొత్త పనులు. పెక్కుమంది ఒప్పుకొనలేదు. బేసి అనగనే జనము మరల దూరముగా పోవుదురు, పాత కథయే నడచును అన్నారు. వాదము పెరిగి, చిన్న దిద్దుబాట్లను మాత్రమే ప్రోగుచేసి ఇచ్చు ప్రత్యేక శాఖ ఉండవలెనను మాట వచ్చినది. అట్టి చాకిరికి ఎవరును దొరకరు, దొరికినవాడు రెండు వారములలో పిచ్చివాడగును అని టోర్వాల్డ్స్ నిష్ఠూరముగానే చెప్పినాడు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ అను ఇద్దరు తాము చేసెదమని ముందుకు వచ్చినారు. ఆ నెలలోనే 2.6.11.1 వెలువడినది. వారు పెట్టుకొన్న నియమములు కఠినమైనవి: దిద్దుబాటు చుట్టుప్రక్కల పంక్తులతో కలిపి 100 పంక్తులకు మించరాదు, నిజముగా ఎవరినో బాధించుచున్న దోషమును సవరించవలెను, ‘ఇట్లు కావచ్చునేమో’ అను ఊహలకు తావులేదు.

చరిత్రలో ఇది చిన్న ఘటనవలె కనబడును గాని, సంఖ్యల తగవులో తీర్పు ఇక్కడనే జరిగినదని నేననుకొనుచున్నాను. అంతకుముందు సంఖ్యను చూచి స్థిరత్వమును ఊహించుకొన్నారు. ఇప్పుడు ముందు ఇద్దరు మనుష్యులు పనికి పూనుకొన్నారు; ఆ తరువాత వారి పనికి ఒక అంకె వచ్చినది. ఆ చివరి అంకె ఎంత పెద్దదైన అన్నిమారులు ఎవరో కూర్చుండి దిద్దినారని అర్థము.

ఇట్లు చివరి అంకెకు ప్రాణము వచ్చినకొలది ముందున్న అంకెలకు ప్రాణము పోయినది. 2.6 అను మాట 2003 నుండి 2011 వరకు కదలక మెదలక ఉండిపోయినది. దాని వెనుక మూడవ అంకె 39కి చేరినది. నలుబది దగ్గరకు వచ్చినది, లినక్సునకు ఇరువది ఏండ్లు నిండుచున్నవి, ఇక చాలును అని టోర్వాల్డ్స్ 2011 జూలైలో 3.0 అని పేరు మార్చినాడు. అందులో మహత్తరమైన క్రొత్తదనమేమియు లేదని, ఇది సంఖ్య మార్చుట మాత్రమేనని అతడే చాటినాడు. అప్పటికిని చిక్కు తప్పలేదు. సంఖ్య ముందు భాగము 2.6 అనియే ఉండునని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములు 3 కనబడగనే తికమకపడినవి. ఫెడోరా అను పంపిణీ తన 15వ విడుదలలో ఈ 3.0 కెర్నెలునకే 2.6.40 అని ముసుగు వేసి ఇచ్చినది. తరువాత కెర్నెలులోనే అట్టి ఏర్పాటు చేసినారు. పాత ప్రోగ్రాము అడిగినచో 3.0ను 2.6.40 అని, 3.1ను 2.6.41 అని చెప్పునట్లు. పేరు మార్చుకొన్న పెద్దమనిషి పాత ఊరికి పోయినప్పుడు పాత పేరుతోనే పలుకవలసివచ్చుట వంటిది.

పెద్ద సంఖ్యపై జనమునకు ఉన్న మోజు కూడ ఒకటున్నది. స్లాక్‌వేరు అను పంపిణీ 1999లో 4.0 నుండి ఒక్కమారుగా 7.0కు దుమికినది. ఇతరులు 6 దాటినారు, నీవింకను 4 దగ్గర వెనుకబడితివేమి అని అడుగువారి బాధ పడలేకనే ఆ గంతు వేసినట్లు దాని కర్త పాట్రిక్ వోల్కర్డింగ్ దాపరికము లేక చెప్పినాడు. ఏకకర్తృకమైన గ్రంథమైనచో ఈ పోటీలు అంటవు. అచ్చుకూర్పునకు డొనాల్డ్ క్నూత్ వ్రాసిన టెక్ అను ప్రోగ్రాము సంఖ్య 3.14, 3.141, 3.1415 అని గణితములోని ‘పై’ వైపు నడచుచు, 2021లో 3.141592653 దగ్గరకు చేరినది. పూర్ణత్వమును సమీపించుటయే గాని అందుకొనుట లేదు! సొంత తోటలో ఎట్టి పాదులైనను వేసికొనవచ్చును.

కొందరు సంఖ్యకు కట్టుదిట్టమైన వ్యాకరణము వ్రాసినారు. టామ్ ప్రెస్టన్-వెర్నర్ ప్రతిపాదించిన నియమావళి ప్రకారము, పాత వాడుకను చెడగొట్టు మార్పు చేసినచో మొదటి అంకెను, క్రొత్త సౌకర్యము చేర్చినచో రెండవ అంకెను, దోషము దిద్దినచో మూడవ అంకెను పెంచవలెను. 2013లో అది తన నియమము చొప్పుననే 2.0.0 అయినది. ఇతర ప్రోగ్రాములలో ఇటుకలవలె ఇమిడిపోవు చిన్న ప్రోగ్రాములకు ఇది మిక్కిలి ఉపకరించును. లినక్సువారు దీనిని అంగీకరింపకపోవుటకు కారణమున్నది: వాడుకొనువారి ప్రోగ్రాములను ఎన్నడును చెడగొట్టరాదనుట వారి మొదటి సూత్రము. ఆ సూత్రము నిలిచినన్నాళ్లు మొదటి అంకె మారవలసిన పనియే రాదు.

అందుచేతనే వారి మొదటి అంకె నేడు అర్థము విడిచి వట్టి సౌకర్యముగా మిగిలినది. 2015లో 3.20 అనవలెనా, 4.0 అనవలెనా అని టోర్వాల్డ్స్ జనమునే ఓటడిగినాడు; 4.0 నెగ్గినది. 4.20 తరువాత 2019 మార్చిలో 5.0, 5.19 తరువాత 2022 అక్టోబరులో 6.0 వచ్చినవి. చేతివ్రేళ్లును కాలివ్రేళ్లును కలిపి లెక్కపెట్టుటకు చాలనంత పెద్దదైనప్పుడు ముందరి అంకెను పెంచుదునని అతని వివరణ.

కాలమునే సంఖ్యగా తీసికొన్నవారును ఉన్నారు. ఉబుంటు అను పంపిణీ మొదటి విడుదల 4.10, అనగా 2004వ సంవత్సరము, పదవ నెల. 2006 ఏప్రిలులో రావలసిన 6.04 ఆలస్యమై జూనులో వచ్చినందున దాని పేరు 6.06 అయినది. ఆలస్యమును దాచుకొనుటకు వీలులేని నిజాయితీ ఇందులో ఉన్నది. మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. పంచాంగము ఏటేట సంవత్సరము పేరుతోనే వెలువడును. కాని అరువది ఏండ్లకు పేర్లు తిరిగి మొదటికి వచ్చును. ‘ప్రభవ సంవత్సరమున పుట్టినాను’ అన్నచో 1927లోనా, 1987లోనా అని మనిషి మొగము చూచి తెలిసికొనవలెను. దస్తావేజులో అయితే శకవర్షము కూడ వేయవలెను.

ఇట్టి చక్రమే లినక్సునకును ఒకమారు అడ్డుపడినది. 2016 జనవరిలో వెలువడిన 4.4 శ్రేణిని దీర్ఘకాలము కాపాడుదుమని చెప్పి, దానికి దిద్దుబాట్లు ఇచ్చుచు వచ్చినారు. 4.4.1, 4.4.2 అని సాగి సాగి 2021 ఫిబ్రవరిలో 4.4.255 దాటవలసి వచ్చినది. యంత్రములు పోల్చి చూచుకొను రహస్యసంఖ్యలో చివరి భాగమునకు పూర్వము కేటాయించిన చోటు ఎనిమిది బిట్లు. అందులో 255కు మించి పట్టదు. మరియొకటి కలిపినచో 4.4.256 అనునది యంత్రము కంటికి 4.5.0 అయి కూర్చుండును. ఆ చోటు నిర్ణయించిన నాడు ఒకే శ్రేణిని 255 మారులకు పైగా ఓపికతో దిద్దువారుందురని ఎవరు అనుకొన్నారు? చివరకు యంత్రములు చూచు సంఖ్యను 255 దగ్గరనే నిలిపివేసి, మనుష్యులు చదువు సంఖ్యను మాత్రము ముందుకు సాగనిచ్చినారు. 4.4 శ్రేణిలో చివరిది 2022 ఫిబ్రవరిలో వెలువడిన 4.4.302. ఇక ఈ శ్రేణికి దిద్దుబాట్లు రావు, వాడుచున్నవారు క్రొత్తదానికి మారవలసినది అని ఆనాడే ప్రకటించినారు.